తిమింగలం కొవ్వులో ట్రాన్స్‌ఫార్మర్ నూనె

పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్, పొట్టిగా పీసీబీలు. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో పోసిన నూనె ఇది. మన దేశంలో దీని వాడకం పూర్తిగా ఆగిపోవాలని కేంద్రం 2016లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందులో పెట్టిన గడువు 2025 డిసెంబర్ 31. ఏళ్ల తరబడి నశించని విషాలను ఆపడానికి దేశాలన్నీ కుదుర్చుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం పెట్టిన గడువు కూడా 2025వ సంవత్సరమే. మిగిలిన సరుకును సురక్షితంగా వదిలించుకోవడానికి 2028 దాకా టైమ్ ఇచ్చింది. కరెంటు శాఖ ఫైళ్లు దాటి ఈ తేదీల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నేను మాట్లాడాలనుకుంటున్నది సముద్రం కోసం. ఆ నూనె చివరికి ఎక్కడ తేలిందో తెలిస్తే, గడువు దాటింది కాబట్టి పని అయిపోయిందని ఎవరూ అనుకోలేరు.

2016 జనవరిలో స్కాట్లాండ్ పడమటి తీరంలోని టైరీ దీవికి ఒక ఆడ ఓర్కా చచ్చి కొట్టుకొచ్చింది. ఓర్కానే కిల్లర్ వేల్ అని కూడా అంటారు. డాల్ఫిన్ల కుటుంబంలో అన్నిటికన్నా పెద్ద జంతువు ఇదే. చనిపోయిన ఆ ఓర్కాకు పరిశోధకులు లులు అని పేరు పెట్టుకున్నారు. ఆ తీరాన్నే నమ్ముకుని తిరుగుతున్న ఒక చిన్న గుంపులోది. చేపల వేట తాళ్లలో చిక్కుకుని చనిపోయింది. పోస్టుమార్టం చేసి, చర్మం కింది కొవ్వును ల్యాబ్‌కు పంపితే వచ్చిన లెక్క ఇది: కొవ్వులో కిలోకు 957 మిల్లీగ్రాముల పీసీబీలు. సముద్ర క్షీరదాల్లో ఇది 9 మిల్లీగ్రాములు దాటితే ఒంట్లో తేడాలు మొదలవుతాయని శాస్త్రజ్ఞుల అంచనా. 41 మిల్లీగ్రాములు దాటిన ఉత్తర ఐరోపా బాల్టిక్ సముద్రపు సీల్స్‌కు సంతానం నిలవలేదు. లులుకు కనీసం 20 ఏళ్లు ఉంటాయి, అంటే ఓర్కాల్లో పిల్లల్ని కనే వయసు వచ్చి చాలా కాలమైంది. అయినా దాని అండాశయాల్లో ఒక్కసారి కూడా గర్భం దాల్చిన ఆనవాలు లేదు.

957 అంటే ఎంతో సరిగ్గా అర్థం కావాలంటే స్టాక్‌హోమ్ ఒప్పందంలోనే ఉన్న ఇంకో అంకె చూడాలి. ట్రాన్స్‌ఫార్మర్ నూనెలో కిలోకు 50 మిల్లీగ్రాములు దాటి పీసీబీ ఉంటే దాన్ని మామూలు నూనెగా చూడరు. సీలు వేసి, రికార్డు రాసి, ప్రత్యేక కేంద్రంలో నాశనం చేయాల్సిన సరుకు అవుతుంది. ఒక యంత్రంలో ఉండకూడదని మనుషులు గీసుకున్న గీత అది. దానికి 19 రెట్లు ఒక ప్రాణి ఒంటి కొవ్వులో ఉంది.

బ్రిటన్‌లో పీసీబీల అమ్మకం ఆగింది 1981లో. లులు చనిపోయేనాటికి 35 ఏళ్లు. ఆ గుంపును దశాబ్దాలుగా గమనిస్తున్నవాళ్లకు అందులో ఒక్క పిల్ల పుట్టిన దాఖలా కనపడలేదు. ఈ మధ్య కాలంలో కనిపిస్తున్నవి రెండే రెండు, రెండూ మగవే. ఆ గుంపు కథ అక్కడితో అయిపోయినట్టే.

ఇంత పెద్ద సముద్రంలో కాస్త నూనె కలిస్తే ఏమవుతుంది, పలచబడిపోదా అని మనకు అనిపిస్తుంది. నీటిలో నిజంగానే పలచబడుతుంది. కానీ పీసీబీలు, డీడీటీ లాంటివి నీటిలో కరిగే రకం కాదు, కొవ్వులో కరిగే రకం. నీటి నుంచి నాచుకు, నాచు నుంచి చిన్న పురుగుకు, పురుగు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, అక్కడి నుంచి సీల్‌కు, సీల్ నుంచి ఓర్కాకు మెట్టు మెట్టునా చిక్కబడుతూ పోతుంది. తిన్న తిండి అరిగిపోతుంది, తిండితో వచ్చిన విషం అరగదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో పీటర్ రాస్ బృందం 2000లో ప్రచురించిన కొలతలు ఈ విషయాన్ని స్పష్టంగా చూపించాయి. అక్కడ సాల్మన్ చేపలు తినే ఓర్కాలు ఉన్నాయి, సీల్స్‌ను వేటాడే ఓర్కాలూ ఉన్నాయి. సాల్మన్ తినే దక్షిణ గుంపు మగవాటి కొవ్వులో సగటున కిలోకు 146 మిల్లీగ్రాములు దొరికితే, సీల్స్ తినే మగవాటిలో 251 దొరికాయి. తిండిలో ఒక మెట్టు పైకి వెళ్లినందుకు అంత తేడా.

దీనికి తోడు వాటి శరీరమే వాటికి ఎదురు తిరిగింది. చల్లటి నీటిలో బతకడానికి దట్టమైన కొవ్వు పొర కావాలి. ఆ పొరే పీసీబీలకు గూడు అయింది. డాల్ఫిన్లు, తిమింగలాల కాలేయంలో ఈ రకం అణువులను విడగొట్టే ఎంజైముల బలం నేల మీది జంతువులతో పోలిస్తే తక్కువ. వచ్చింది వచ్చినట్టే ఉండిపోతుంది. ఆయుష్షు కూడా ఎక్కువే, ఓర్కా ఆడవి కొన్ని 80 ఏళ్ల దాకా బతుకుతాయి. మగదానికి వయసు పెరిగేకొద్దీ ఒంట్లో సరుకు పెరుగుతూ పోవడమే తప్ప తగ్గే దారి లేదు.

ఆడదానికి ఒక దారి ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది అదే. తిమింగలాల పాలు మనకు తెలిసిన పాలలా పలచగా ఉండవు, మూడో వంతుకు పైగా కొవ్వే. బిడ్డకు ఆ కొవ్వు ఇస్తున్నప్పుడు తల్లి ఏళ్లుగా పోగేసుకున్న విషం కూడా అందులోనే వెళ్తుంది. తొలిచూలు పిల్లకు అన్నిటికన్నా ఎక్కువ భాగం పోతుంది. తర్వాతి కాన్పుల నాటికి తల్లి ఒంట్లో సరుకు తగ్గి ఉంటుంది కాబట్టి వాటికి తక్కువ చేరుతుంది. పరిశోధకులు కొవ్వు పరీక్ష చూసి, ఈ ఆడది పిల్లల్ని కన్నదా లేదా అన్నది ఒక అంచనాకు వస్తారు. లులు ఒంట్లో అంత పేరుకుపోవడానికి ఒక కారణం ఇదే. అది ఎవరికీ పాలివ్వలేదు.

సందేహాలున్నవాళ్ల మాట కూడా వినాలి. లులు చనిపోయింది తాడు వల్ల, పీసీబీ వల్ల కాదు. పీసీబీల వల్ల ప్రపంచంలో సగానికి పైగా ఓర్కా గుంపులు నూరేళ్లలో కుప్పకూలే ప్రమాదం ఉందని 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం మీద తోటి శాస్త్రజ్ఞులే అభ్యంతరాలు చెప్పారు. లెక్క కట్టిన పద్ధతి సరికాదన్నారు. ఆ 2018లోనే అమెరికా వాయవ్య తీరంలో తాలెక్వా అనే తల్లి ఓర్కా చనిపోయిన తన పిల్లను 17 రోజుల పాటు తల మీద మోస్తూ ఈదింది. ఆ పిల్ల పీసీబీల వల్లే చనిపోయిందని ఎవరూ తేల్చలేదు. పైన చెప్పిన, సాల్మన్ తినే దక్షిణ గుంపే దానిది. ఆ గుంపుకు సాల్మన్ దొరకడం లేదు, ఓడల రొద వల్ల వేట సాగడం లేదు. 2008 నుంచి 2014 వరకు ఆ గుంపులో గుర్తించిన గర్భాల్లో 69 శాతం దాకా నిలవలేదని తేలినప్పుడు కూడా పరిశోధకులు ముందు చూపించింది తిండి కరవునే.

కానీ ఆకలినీ విషాన్నీ విడివిడిగా లెక్క కట్టడం కుదరదు. ఒంటి కొవ్వు ఆ జంతువుకు కరవు రోజుల కోసం గాదెలో పోసుకున్న ధాన్యం లాంటిది. తిండి దొరకని రోజుల్లో ఆ గాదె తీస్తుంది. ధాన్యంతో పాటు అందులో ఇన్నాళ్లూ కదలకుండా పడి ఉన్న విషం రక్తంలోకి వస్తుంది. అప్పుడే రోగనిరోధక శక్తి దెబ్బతింటుంది, అప్పుడే గర్భం నిలవదు. బయటి నుంచి చూసేవాళ్లకు ఆకలితో పోయినట్టో, వైరస్‌తో పోయినట్టో కనిపిస్తుంది.

సముద్రంలో తిరిగే జంతువు మీద ప్రయోగం చేయలేం కదా, రుజువెక్కడ అంటారు. సీల్స్ మీద చేశారు. పీటర్ రైండర్స్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు 1986లో ‘నేచర్’లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆడ సీల్స్‌ను 12 చొప్పున రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు నెదర్లాండ్స్ తీరంలో కాలుష్యం ఎక్కువగా ఉన్న వాడెన్ సముద్రపు చేపలు పెట్టారు, రెండో గుంపుకు అట్లాంటిక్ చేపలు పెట్టారు. శుభ్రమైన చేపలు తిన్న 12లో 10 ఈనాయి. వాడెన్ చేపలు తిన్న 12లో నాలుగే ఈనాయి. ఇది చదివాక ఇంకా రుజువు కావాలని అడిగేవాళ్లకు అసలు ఎంత రుజువు సరిపోతుందో నాకు అర్థం కాదు. రెండేళ్లకు, 1988లో, ఉత్తర ఐరోపా తీరాల్లో ఒక వైరస్ సోకి దాదాపు 18 వేల సీల్స్ చనిపోయాయి. ఆ తర్వాత బాల్టిక్ చేపలు పెట్టి పెంచిన సీల్స్‌లో రోగనిరోధక శక్తి తగ్గిందని మరో డచ్ ప్రయోగం చూపించింది.

నిషేధం పనిచేస్తుందా అంటే, పనిచేస్తుంది. బాల్టిక్ సముద్రంలో 1970ల్లో ఆడ సీల్స్ గర్భాశయ నాళాలు మూసుకుపోయి ఈనలేని స్థితికి వచ్చాయి. బూడిదరంగు సీల్స్ కొన్ని వేలకు పడిపోయాయి. డీడీటీ, పీసీబీలు ఆపి, వేట కట్టడి చేశాక నెమ్మదిగా కోలుకుని ఇప్పుడు 40 వేలు దాటాయి. కెనడాలో సెయింట్ లారెన్స్ నది సముద్రంలో కలిసేచోట ఉండే తెల్లటి బెలూగా తిమింగలాల కథ ఇంకా ముఖ్యం. అక్కడ చచ్చి ఒడ్డుకొచ్చిన పెద్ద బెలూగాల్లో 27 శాతానికి క్యాన్సర్ ఉన్నట్టు 2002లో ప్రచురించారు. అడవి జంతువుల్లో అంత క్యాన్సర్ కనిపించడం చాలా అరుదు. ఎగువన సాగునే నది మీద ఉన్న అల్యూమినియం కర్మాగారాల నుంచి వచ్చిన తారు లాంటి రసాయనాలే కారణమని అనుమానించారు. పద్ధతి మార్చారు, వదిలే విషం తగ్గింది. 1971 తర్వాత పుట్టిన బెలూగాల్లో ఆ క్యాన్సర్లు కనపడలేదని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. ఇదంతా తెలిసింది ఎలా? 1980ల నుంచి ఒడ్డుకొచ్చిన కళేబరాల్లో పరీక్షకు పనికొచ్చేవాటిని ట్రక్కులో వేసుకుని పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి కోసి చూశారు కాబట్టి. ఈ ఒక్క అలవాటు మనకు లేదు. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇదంతా చలిదేశాల గోడు, మనకేంటి అనుకుంటే పొరపాటు. తమిళనాడులోని పరంగిపేట దగ్గర 1990, 91 సంవత్సరాల్లో సేకరించిన డాల్ఫిన్ల కొవ్వును జపాన్ శాస్త్రజ్ఞుడు షిన్సుకె తనాబె, భారతీయ సహచరులు పరీక్షించారు. బంగాళాఖాతం డాల్ఫిన్లలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది పీసీబీ కాదు, డీడీటీ. తర్వాతి స్థానాల్లో పీసీబీలు, బీహెచ్‌సీ. పట్నా దగ్గరి గంగా డాల్ఫిన్లలోనూ అదే కాలంలో డీడీటీ, పీసీబీలు దొరికాయి. ఒక దేశం ఏం వాడిందో దాని డాల్ఫిన్ల కొవ్వు చెబుతుంది. ఐరోపా కొవ్వులో ఫ్యాక్టరీలు కనిపిస్తాయి, మన కొవ్వులో పొలాలు, దోమల మందు కనిపిస్తాయి.

గమాక్సిన్ పొడి అంటే పల్లెల్లో పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. వడ్లపురుగుకు, చీమలకు, చివరికి తలలో పేలకు కూడా చల్లిన పొడి అది. అదే బీహెచ్‌సీ, అదే హెచ్‌సీహెచ్. తమిళనాడులోని వెల్లార్ నది పరీవాహకంలో వరిపొలాల్లో చల్లిన హెచ్‌సీహెచ్ ఎటు పోయిందో ఇదే శాస్త్రజ్ఞుల బృందం లెక్క కట్టింది. నది ద్వారా సముద్రంలోకి చేరింది అర శాతం కూడా లేదు. మిగతాదంతా మన ఎండకు ఆవిరై గాలిలో కలిసింది. వేడిదేశాల్లో ఆవిరైనది గాలివాటున పోయి చలిదేశాల్లో మంచుతో కిందికి దిగుతుంది. 1980ల్లో ఎరిక్ డెవాయి అనే కెనడా వైద్యుడు తల్లిపాలలో విషాల మీద పనిచేస్తూ, పోల్చి చూడటానికి ఏ కాలుష్యమూ లేని చోటు కావాలని ఆర్కిటిక్ దగ్గరి నునావిక్ ప్రాంతంలోని ఇన్యుట్ ఆదివాసీ తల్లుల పాలు తెప్పించుకున్నారు. వాటిలో పీసీబీలు దక్షిణ క్యుబెక్ తల్లుల పాలకంటే దాదాపు ఐదు రెట్లు ఎక్కువున్నాయి. ఫ్యాక్టరీ లేని, పొలం లేని చోట. వాళ్లు సీల్స్, తిమింగలాల మాంసం తింటారు, అంతే. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం పీఠికలో ఆర్కిటిక్ ప్రజల ప్రస్తావన ఉండటానికి ఇలాంటి ఫలితాలు ఒక కారణం. వాళ్ల మంచు మీదికి వెళ్లిన గాలిలో మన ఆవిరి లేదని చెప్పలేం.

డీడీటీని మనం ఊరికే వాడలేదు. మలేరియాతో ఊళ్లకు ఊళ్లు మంచం పట్టిన రోజులవి. గోడలకు డీడీటీ కొట్టడం వల్ల లక్షల ప్రాణాలు నిలిచాయి. దాన్ని తప్పని అనడానికి నాకు నోరు రాదు. తప్పు జరిగింది అది పొలాల్లోకి వచ్చినప్పుడు, వ్యవసాయంలో ఆపడానికి 1989 దాకా ఆగినప్పుడు. ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది. ముందు వాడతాం, కొవ్వులోకి చేరాక కొలుస్తాం, కొలిచాక 20 ఏళ్లు వాదిస్తాం, తర్వాత ఆపుతాం. ఆపినచోట ఆ విషం తగ్గడానికి ఇంకో 40 ఏళ్లు.

ఇప్పుడు అదే వరుసలో క్లోర్‌పైరిఫాస్ ఉంది. ఈ పేరు తెలియని రైతు తెలుగునేల మీద ఉండడు. చెదలకు, కాండం తొలిచే పురుగుకు, పత్తికి, మిరపకు కొట్టే మందు. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం దీన్ని కొన్ని మినహాయింపులతో నిషేధ జాబితాలో చేర్చింది. ఇది పీసీబీలా దశాబ్దాల పాటు కొవ్వులో కూర్చునే రకం కాదు, కాబట్టి సముద్ర జంతువులకు ఏమీ కాదనుకోవచ్చు. 2018లో ‘సైన్స్’లో వచ్చిన ఒక జన్యు అధ్యయనం ఆ ధీమాను తీసేసింది. మన ఒంట్లో పీఓఎన్1 అనే జన్యువు ఉంది. క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు ఒంట్లో మారి తయారయ్యే విషాన్ని విరిచేది అదే. తిమింగలాలు, డాల్ఫిన్లు, ఆవుల్లా గడ్డి మేసే డ్యూగాంగ్‌లు కోట్ల ఏళ్ల కిందట నీళ్లలోకి వెళ్లాక ఈ జన్యువు పనిచేయడం ఆగిపోయింది. అప్పటికి అదేం నష్టం కాదు, ఎందుకంటే భూమ్మీద ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు లేవు. ఇప్పుడున్నాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాలువలన్నీ చేరేది తీరానికే. ఆ తీరపు నీళ్లలో డాల్ఫిన్లు తిరుగుతాయి. మినహాయింపుల పేరుతో ఈ మందును ఇంకొన్నేళ్లు లాగాలని అడిగేముందు, ప్రత్యామ్నాయాలు రైతుకు అందే ధరలో పెట్టే పని ప్రభుత్వం చూడాలి. రైతును దోషిని చేసి లాభం లేదు. షాపులో ఏది ఇస్తే అదే కొడతాడు.

నూనె సంగతికి వద్దాం. రాత్రిపూట పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ దింపి, నూనె నేల మీద పారబోసి, రాగి తీగ ఎత్తుకుపోయారన్న వార్త రెండు తెలుగు రాష్ట్రాల జిల్లా పేజీల్లో తరచూ చూస్తూనే ఉంటాం. వార్తలో రాగి విలువ ఉంటుంది, రైతు నీళ్లు లేక పడే టెన్షన్ ఉంటుంది. పారబోసిన నూనె గురించి ఒక్క వాక్యం ఉండదు. పొలాల్లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో ఎక్కువగా ఉండేది మామూలు ఖనిజ నూనే, పీసీబీ కాదు. అయితే పాత పరికరాల నూనెను వడగట్టిన యంత్రంతోనే కొత్త నూనెనూ వడగడితే ఒకదానిలోది ఇంకోదానిలోకి పాకుతుంది. అందుకే పరీక్షించకుండా ఏ నూనెకూ మంచిదని పేరు పెట్టలేం. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ సాయంతో పీసీబీలను నాశనం చేసే కేంద్రం ప్రాజెక్టు చేపట్టారు. మన డిస్కంలు తమ దగ్గరున్న పాత ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, పరీక్షించినవి ఎన్ని, కిలోకు 50 మిల్లీగ్రాములు దాటినవి ఎన్ని, ఎక్కడికి పంపారు అన్న నాలుగు అంకెలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మర్ స్క్రాప్ వేలంలో నూనె పరీక్ష రిపోర్టు లేకుండా లాట్ కదలకూడదు.

ఇది చదివి చేపలు మానేయాలేమో అని ఎవరూ భయపడనక్కర్లేదు. మనం తినే కవళ్ల లాంటి చిన్న చేపలు తిండిమెట్లలో చాలా కింద ఉంటాయి, వాటి ఆయుష్షూ తక్కువే. జాగ్రత్త కావాల్సింది వేటాడి బతికే పెద్ద చేపల దగ్గర. కోస్తాలో బాలింతకు పాలు పడతాయని పాలసొర వండిపెడతారు. సొర వేటాడే జాతి. ఆ కూర మానమని నేను చెప్పను, చెప్పే ఆధారం నా చేతిలో లేదు. కానీ ఆధారం సంపాదించడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో పైలట్ వేల్ అనే తిమింగలం మాంసం తరతరాల తిండి. అక్కడ 1986, 87లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, పాదరసం వాళ్ల మెదడు మీద ఏ ప్రభావం చూపిందో కొలిచి, 2008లో అక్కడి వైద్యాధికారులే ఆ మాంసం ఇక తినొద్దని సిఫారసు చేశారు. ఊహ మీద కాదు, కొలిచి చెప్పారు.

కొలవడానికి మన దగ్గర ఏం తక్కువ? విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్ఐ) ప్రాంతీయ కేంద్రం ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. హైదరాబాద్‌లో రసాయన పరిశోధనలు చేసే ఐఐసీటీ ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్ర జంతువుల విషయంలో ఏం చేయాలో కేంద్ర పర్యావరణ శాఖ 2021లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి ఒక తిమింగలం కొట్టుకొచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడటానికి కదిలాయి, ఫోన్లలో వీడియోలు తిరిగాయి. మామూలుగా జరిగేది ఏంటంటే, జేసీబీతో గొయ్యి తీసి పూడ్చేస్తారు. వాసన గొడవ తీరుతుంది. దానితోపాటు ఏళ్ల తరబడి మన తీరంలో ఏం కలిసిందో చెప్పగలిగే సాక్ష్యం కూడా ఇసుకలోకి పోతుంది.

కావాల్సింది పెద్ద పరికరాలు కాదు. కుళ్లిపోకముందే చేరుకోవాలి, ముందు అక్కడికి చేరుకోగలిగేది మత్స్యకారులే. గుప్పెడు కొవ్వు, కాస్త కాలేయం కోసి, ప్లాస్టిక్ తగలకుండా అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాలి. కాలేయం ఎందుకంటే పాదరసం, నాన్‌స్టిక్ పూతల్లో వాడే పీఫాస్ రసాయనాలు కొవ్వులో కాకుండా అక్కడ చేరతాయి. డాల్ఫిన్లు, తిమింగలాలు వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువులు కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా కళేబరం మీద ఎవరూ చెయ్యి వేయలేరు. ప్రతిసారీ అనుమతి కోసం ఫైలు నడిచేలోపు శవం పనికిరాకుండా పోతుంది. శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా తీర జిల్లాల అటవీ అధికారులకు, సీఎంఎఫ్‌ఆర్ఐకి కలిపి ఒకే ఒక్క ముందస్తు అనుమతి ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి. కొత్త చట్టం అక్కర్లేదు.